అంబాసిడర్ హెడ్‌లో టెంపరేచర్ సెండర్ మర పాడైతే ఎలా బాగుచేయాలి

బానెట్ ఎత్తి థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లకి దారి తెరిచే వాల్వు) గూడు కిందకి చూస్తే, హెడ్ (ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్) ముందు భాగంలో ఒక చిన్న ఇత్తడి ముక్క, దాని నెత్తిన ఒకే ఒక్క వైరు కనిపిస్తాయి. డ్యాష్‌బోర్డు మీద వేడి ముల్లుని ఆడించేది అదే, దాని పేరే టెంపరేచర్ సెండర్. సెండర్ పెద్ద ఖరీదేమీ కాదు, పాడైతే తీసి కొత్తది వేసుకోవచ్చు. అది బిగుసుకునే రంధ్రంలో మర (థ్రెడ్) పోతే మాత్రం కథ వేరు. తొందరపడితే హెడ్ దించేదాకా వెళ్తుంది. అందుకని ఈ పని మొదలుపెట్టేటప్పుడే ఒకటి అనుకోండి: సెండర్ ముక్కలైపోయినా ఫరవాలేదు, హెడ్‌లోని మరకి దెబ్బ తగలకూడదు.

కింద చెప్పేదంతా ప్రధానంగా 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ గురించి. దాని హెడ్డూ బ్లాకూ రెండూ పోత ఇనుమే. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకీ పనికొస్తుంది గానీ, ఆ బండి హెడ్ అల్యూమినియం కాబట్టి తేడా వచ్చే చోటల్లా విడిగా చెబుతాను. ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన తరవాతి అంబాసిడర్లకి పద్ధతి దాదాపు ఇదే, హెడ్ ఇనుమో అల్యూమినియమో చూసుకోండి, కొలతలు మాత్రం మెట్రిక్.

విశాఖలో ఈ తంటా కాస్త ఎక్కువే. బయటినుంచి ఉప్పుగాలి, లోపలినుంచి రేడియేటర్‌లో పోసిన బోరు నీళ్లు, రెండూ కలిసి ఆ ఇత్తడిని ఇనుముకి అతికించేస్తాయి. పెదవాల్తేరు, పాండురంగాపురం, లాసన్స్ బే వైపు ఇళ్ల ముందు ఆరుబయట ఉండే బండ్లలో వైరు కొస పచ్చగా కిలుము పట్టి ఉండటం మామూలే.

ముందు రోగం ఏమిటో తేల్చుకోండి

ముల్లు కదలట్లేదనగానే సెండర్ మీద పానా వేయకండి. ఇగ్నిషన్ ఆన్ చేసి సెండర్ నెత్తిన వైరు పీకండి. ముల్లు చల్లని వైపు పడిపోవాలి. ఇప్పుడు ఆ వైరు కొసని ఇంజిన్ ఇనుముకి ఆనించండి. ముల్లు మెల్లగా వేడి వైపు లేవాలి. లేవడం మొదలవగానే వైరు తీసేయండి, చివరిదాకా పోనిస్తే గేజీకి (ముల్లున్న మీటరుకి) మంచిది కాదు. లేచిందంటే గేజీ, వైరు బాగున్నట్టే. తప్పు సెండర్‌లోనో, దాని ఎర్త్‌లోనో ఉంది. లేవకపోతే ఫ్యూజు, వైరు, గేజీ వరసగా చూసుకోండి. అప్పుడు హెడ్ జోలికి పోవాల్సిన పనే లేదు.

ఎర్త్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఈ సెండర్‌కి ఉన్నది ఒకటే వైరు. రెండో వైరు పని దాని ఒళ్లే చేస్తుంది. కరెంటు సెండర్ లోపలినుంచి, మర మీదుగా హెడ్‌లోకి, అక్కడినుంచి బ్యాటరీకి చేరుతుంది. మర మధ్యలో తుప్పు పేరుకుంటే కరెంటుకి అడ్డు పెరిగి ముల్లు అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది. రేడియేటర్ మరుగుతూ ఉంటుంది, ముల్లేమో సగం దగ్గర నింపాదిగా కూర్చుని ఉంటుంది. ఈ అబద్ధం ఇంజిన్‌కి ప్రమాదం. ముల్లు అసలు పని చేయకపోతే కనీసం మనకి అనుమానమైనా వస్తుంది.

ఇక కళ్లతో చూడండి. సెండర్ కింద హెడ్ మీద తెల్లటి గాని, తుప్పు రంగు గాని చార దిగి ఉంటే మర దగ్గర నీళ్లు కారుతున్నట్టు. టెర్మినల్ (నెత్తిన వైరు తగిలే కొస) వేలితో కదిపితే ఊగుతుంటే సెండర్ ప్రాణం పోయింది, మర బాగానే ఉండొచ్చు. సెండర్ మొత్తం వేలితో కదులుతుంటే మర తెగినట్టే.

కొన్ని పాత బండ్లలో వైరు ఉండదు. హెడ్ నుంచి గేజీ దాకా ఒక సన్నటి రాగి గొట్టం వెళ్తుంది. దాని లోపల ఈథర్ ఉంటుంది. అలాంటిది ఉంటే నట్టు మాత్రమే తిప్పండి, గొట్టం దాంతోపాటు మెలి తిరగకుండా రెండో చేత్తో పట్టుకోండి. గొట్టం చీలితే గేజీ మొత్తం పోయినట్టే, పైగా ఈథర్ ఇట్టే అంటుకుంటుంది. మంట, వేడి గాలి దాని దగ్గరికి తేకూడదు.

నీళ్లు దించడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వీలైతే పొద్దున్నే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ విప్పేయండి. రేడియేటర్ మూత తీసి, అడుగున ఉన్న కుళాయి తిప్పి, నీటి మట్టం సెండర్ కంటే కిందకి దిగేదాకా వదిలితే చాలు. కుళాయి తుప్పు పట్టి తిరగకపోతే దాన్ని విరగ్గొట్టుకోకండి, కింది హోసు విప్పండి. కూలెంట్ ఉన్న బండి అయితే ఆ నీళ్లు శుభ్రమైన బకెట్‌లో పట్టండి. అది తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలూ ఆవులూ తాగితే చస్తాయి. కాలవలో పారబోయొద్దు.

సెండర్ విప్పడం

సగం హెడ్‌లు ఇక్కడే పాడవుతాయి. కాబట్టి నింపాదిగా.

మొదట మర మొదలయ్యే చోట వైరు బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేయండి. రాత్రంతా నాననివ్వండి. మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ కొట్టండి. చిన్న సుత్తితో సెండర్ ఆరు పలకల మీద చుట్టూ తేలిగ్గా తట్టండి. నెత్తిన కొట్టొద్దు, అక్కడ ఉన్నది ప్లాస్టిక్‌తో పట్టి ఉంచిన టెర్మినల్.

పానా విషయంలో రాజీ పడకండి. ఈ ఇంజిన్ అంగుళాల లెక్కలో పుట్టింది. ఉదాహరణకి 11/16 అంగుళాల పలక అంటే 17.46 మిల్లీమీటర్లు. దాని మీద 17 పానా ఎక్కదు, 18 పానా వదులుగా తిరుగుతుంది. మన చేతిలో ఉన్నది 18 కదా అని వేసి లాగితే ఇత్తడి మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తరవాత పట్టు దొరకదు. సరైన ఏఎఫ్ సైజు (ఎదురెదురు పలకల మధ్య అంగుళాల కొలత), ఆరు మూలల డీప్ సాకెట్ కావాలి. పన్నెండు మూలల రింగు పానా కూడా దాని తరవాతే. అడ్జస్టబుల్ పానాని ఈ పనికి పెట్టెలోంచి బయటికే తీయొద్దు.

సాకెట్ ఎక్కించి ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి. చిన్నగా 'టిక్' మని తుప్పు వదిలితే పని సులువైనట్టే. తరవాత విప్పే వైపు. పావు చుట్టు వచ్చాక బిగుస్తున్నట్టు అనిపిస్తే మళ్లీ లోపలికి తిప్పి, ఆయిల్ కొట్టి, మళ్లీ బయటికి. ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీయాలి. ఒకే ఊపులో లాగితే మరల మధ్య ఉన్న తుప్పు రేణువులు మరని గీకేస్తూ బయటికొస్తాయి.

రాకపోతే వేడి పెట్టమంటారు. ఇక్కడ చాలామంది మెకానిక్‌లు ఇనుముకీ అల్యూమినియానికీ ఒకే మంత్రం వేస్తారు. అది తప్పు. వేడికి అన్నిటికంటే ఎక్కువ సాగేది అల్యూమినియం, తరవాత ఇత్తడి, ఆ తరవాత పోత ఇనుము. పద్మినిలో అల్యూమినియం హెడ్, ఇత్తడి సెండర్ కాబట్టి హెడ్ వేడెక్కితే రంధ్రం సెండర్ కంటే కొంచెం ఎక్కువ సాగి వదులవుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే నయం. అంబాసిడర్‌లో దానికి తిరకాసు. వేడెక్కితే ఇత్తడే ఇనుము కంటే ఎక్కువ ఉబ్బుతుంది, ఇంకా బిగుసుకుంటుంది. అలాంటప్పుడు వేడి చేసి వెంటనే విప్పకూడదు. బాగా వేడి చేసి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఉబ్బిన ఇత్తడి ఇనుము గోడల మధ్య నలిగి, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, తుప్పు పట్టు తెగుతుంది. రెండు మూడు సార్లు ఇలా వేడి చేసి చల్లార్చి, చల్లగా ఉన్నప్పుడే తిప్పండి.

వేడికి హాట్ ఎయిర్ గన్ వాడండి. గ్యాస్ టార్చి వద్దు. పక్కనే కార్బ్యురేటర్, పెట్రోల్ పంపు, పాతబడిన రబ్బరు గొట్టాలు ఉంటాయి. వర్క్‌షాపులో బండి అంటుకున్న కథలన్నీ ఇలాగే మొదలవుతాయి.

విరిగి మర లోపల ఉండిపోతే

కంగారుపడకండి, ఇత్తడి మెత్తన, పైగా లోపల గుల్ల. నెత్తిన ప్లాస్టిక్, లోపలి స్ప్రింగు, బిళ్ల పీకేస్తే చేతికి మిగిలేది ఒక గొట్టం ముక్క.

డ్రిల్ పెట్టేముందు లోపలికి ఏం పడుతుందో ఆలోచించండి. ఆ రంధ్రం వెనక నీటి జాకెట్ (హెడ్ లోపల నీళ్లు తిరిగే ఖాళీ) ఉంది. అందులో పడ్డ ఇత్తడి రజను రేడియేటర్‌కి, వాటర్ పంపు సీలుకి చేరుతుంది. డ్రిల్ బిట్‌కి గ్రీజు దట్టంగా పూయండి, రజను దానికే అంటుకుంటుంది. కొంచెం కొంచెం తిప్పి, తీసి, తుడిచి, మళ్లీ గ్రీజు పూయండి. థర్మోస్టాట్ గూడు విప్పి ఉంచుకుంటే చివర్లో పై నుంచి హోసుతో నీళ్లు కొట్టి కడిగేయొచ్చు.

ఈజీ-అవుట్ (విరిగిన ముక్క లోపల కరుచుకుని తిప్పి బయటికి తీసే పనిముట్టు) వాడొచ్చు, కానీ మొండిగా వాడొద్దు. అది బాగా టెంపర్ చేసిన స్టీలు, బిగువు ఎక్కువైతే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ఈజీ-అవుట్‌ని మామూలు డ్రిల్ బిట్ తాకనైనా తాకలేదు. మధ్యస్థంగా బలం పెట్టినా కదలకపోతే ఆపేసి రెండో దారి పట్టండి: సన్నటి హాక్సా బ్లేడు ముక్కకి గుడ్డ చుట్టి పట్టుకుని, గొట్టం లోపలినుంచి బయటికి నిలువునా ఒక గాడి కోయండి. మర శిఖరాలు తగిలేముందే ఆపండి. ఎదురుగా ఇంకో గాడి. ఇప్పుడు చిన్న ఉలితో ఒక అంచుని లోపలికి మడిస్తే ఇత్తడి చుట్ట ముడుచుకుపోయి వేళ్లతో ఊడివస్తుంది. గంట పట్టినా మర క్షేమంగా ఉంటుంది.

సెండర్ హెడ్‌లో గాక థర్మోస్టాట్ గూడులో ఉండే బండి అయితే ఈ గొడవంతా బండి మీద పడొద్దు. గూడు నట్లు విప్పి బల్ల మీద పెట్టుకోండి.

ఏ మరో గుర్తుపట్టడం

ఈ ఒక్క భాగం మాత్రం రెండుసార్లు చదవండి. విరిగిన సెండర్ వల్ల పోయిన మరల కంటే, తప్పు సెండర్ బలవంతంగా బిగించడం వల్ల పోయినవే ఎక్కువ.

ఈ బీఎంసీ ఇంజిన్‌కి ఇంగ్లండులో వాడిన స్మిత్స్ కంపెనీ సెండర్ మర 5/8 అంగుళాల యూఎన్‌ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర). అంటే బయటి వ్యాసం 15.88 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 మరలు. దీనికి అచ్చం కవలల్లా ఉండేవి ఇంకో రెండు ఉన్నాయి. ఎం16×1.5 మెట్రిక్ మర: వ్యాసం 16, అంగుళం లెక్కలో దాదాపు 17 మరలు. 3/8 బీఎస్‌పీ (బ్రిటిష్ ప్రమాణం) పైపు మర: వ్యాసం 16.66, అంగుళానికి 19. మూడూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. స్పేర్ పార్ట్స్ షాపులో 'అంబాసిడర్‌దే సార్' అని ఇచ్చిన పాకెట్‌లో మెట్రిక్ సెండర్ ఉండొచ్చు. మీ బండి ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఎవరు ఏ మర వేయించారో కూడా తెలియదు కాబట్టి పుస్తకంలో ఉన్న కొలత మీద ఆధారపడకుండా కొలవాలి.

తప్పు సెండర్ వేస్తే చేతికి ఎలా తెలుస్తుందంటే: 5/8 రంధ్రంలో ఎం16 పెడితే మొదటి చుట్టే కొంచెం బిగువుగా ఎక్కుతుంది. రెండో చుట్టుకి వేళ్లు సరిపోవు. 'కొత్త మర కదా, బిగువుగానే ఉంటుంది' అనుకుని పానా వేస్తాం. ఒక్కో చుట్టుకి దాదాపు 0.09 మిల్లీమీటరు తేడా పేరుకుంటూ పోతుంది. ఐదో చుట్టుకి అర మిల్లీమీటరుకి దగ్గరవుతుంది, అంటే సెండర్ మర హెడ్ మర శిఖరాన్ని పక్కకి కోస్తూ దిగుతోంది. విప్పి చూస్తే మెరుస్తున్న ఇనుప పొడి కనిపిస్తుంది. సరైన సెండర్ అయితే వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు హాయిగా తిరగాలి. పానా అన్నది చివరి బిగింపుకే.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గరా ఇదే తంతు, అక్కడ కవలలు చిన్న సైజువి. 1/8 ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు మర) అంగుళానికి 27 మరలు, కోణం 60 డిగ్రీలు. 1/8 బీఎస్‌పీకి 28 మరలు, కోణం 55. మధ్యలో ఎం10×1. ఊళ్లో ఏ హార్డ్‌వేర్ షాపులో 1/8 పైపు మర అడిగినా చేతిలో పెట్టేది బీఎస్‌పీయే. ఆయిల్ ప్రెషర్ దగ్గర తప్పు మర అంటే రోడ్డు మీద ఆయిల్ ఖాళీ అవడమే.

కొలవడానికి రెండు వస్తువులు చాలు: వెర్నియర్ కాలిపర్ (వ్యాసం కొలిచేది), పిచ్ గేజి (మరల మధ్య దూరం చూసే పళ్ల ఆకుల కట్ట). పిచ్ గేజి ఆకుని పాత సెండర్ మరల్లో ఆనించి, వెనకాల తెల్ల కాగితం పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. సరైన ఆకు అయితే ఎక్కడా వెలుతురు చార కనిపించదు. ఐదారు మరల పొడవునా చూడాలి, రెండు మరల మీద అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. గేజి లేకపోతే లేత్ షాపులో కొత్త ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) అడిగి దాని పళ్లని సెండర్ మరల్లో కూర్చోబెట్టి అదే విధంగా చూడండి. కాలిపర్‌తో సెండర్ పై మర, కింది మర రెండూ కొలిస్తే అది నిటారు మరో, కిందకి సన్నబడే మరో తేలిపోతుంది.

మర కొంతే పాడైతే

మొదటి రెండు మూడు చుట్లు నలిగి, లోపల మర బాగుంటే కొత్తగా ఏమీ చేయక్కర్లేదు. సరైన సైజు ట్యాప్‌తో మరని దువ్వితే చాలు. మొదట చేత్తో, హ్యాండిల్ లేకుండా ట్యాప్‌ని పాత మర దారిలో కూర్చోబెట్టండి. దారి దొరికేదాకా బలం పెట్టొద్దు. వెనక్కి మెల్లగా తిప్పుతుంటే ఒకచోట 'టక్' మని దిగుతుంది, అదే దారి. తరవాత అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పళ్ల సందుల్లో గ్రీజు నింపుకోండి. అల్యూమినియానికి కిరోసిన్ చుక్కలు వేస్తే మర తేటగా వస్తుంది, పోత ఇనుముకి అదీ అక్కర్లేదు.

మర పూర్తిగా పోతే

ఎమ్‌సీల్ పూసి సెండర్ అతికించడం భీమిలిలో ఆగిపోయిన బండిని ఇంటికి చేర్చుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. వేడి, ప్రెషర్, ఇంజిన్ వణుకు మూడూ కలిస్తే అది నిలవదు. పైగా ఎర్త్ కూడా పోతుంది.

హెలికాయిల్ (పాడైన మర స్థానంలో కూర్చోబెట్టే తీగ చుట్ట) వేయమని కొందరు చెబుతారు. స్పార్క్ ప్లగ్గులకీ స్టడ్లకీ అది బంగారం లాంటి మందు. నీళ్లు ఉన్న రంధ్రానికి నాకు నచ్చదు. ఆ తీగ చుట్టల వెనకాల సన్నటి దారి మిగిలి, సీలెంట్ ఎంత పూసినా ఎప్పుడో ఒకప్పుడు చెమ్మ తేలుతుంది. ఇక్కడ కావాల్సింది గట్టి బుష్: బయట పెద్ద మర, లోపల సెండర్ మర, నెత్తిన సన్నటి కాలర్.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపులకి కొదవ లేదు. షిప్‌యార్డ్, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు పనులు చేసి చేయి తిరిగిన టర్నర్ దొరికితే సగం పని అయినట్టే. 'గురువుగారూ, ఒక బుష్ కావాలి' అని నోటి మాటగా చెప్పి వచ్చేయకండి. కొత్త సెండర్ చేతిలో పెట్టండి, కాగితం మీద బొమ్మ గీసి కొలతలు రాసివ్వండి. మంచి టర్నర్ వెంటనే అడిగే ప్రశ్న 'లోపల మర పైపుదా, బోల్టుదా?' అని. అడగకపోతే మీరే చెప్పండి.

బయట మర ఎం22×1.5 అయితే హెడ్‌లో 20.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. 5/8 మర చుట్టూ బుష్ గోడ రెండు మిల్లీమీటర్ల మందం వస్తుంది, బాగుంటుంది. హెడ్ మీద సెండర్ రంధ్రం చుట్టూ ఉండే ఉబ్బు అంత వెడల్పు లేకపోతే ఎం20×1.5, రంధ్రం 18.5. అప్పుడు గోడ ఒక మిల్లీమీటరు పైచిలుకే మిగులుతుంది, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించండి. ఏ సైజైనా రంధ్రం చుట్టూ హెడ్ లోహం మూడు నాలుగు మిల్లీమీటర్లకి తగ్గకుండా ముందే కొలుచుకోండి. పోత ఇనుము హెడ్‌కి ఇత్తడి బుష్ మంచిది: తుప్పు పట్టదు, వేడెక్కితే ఇంకా బిగుస్తుంది. పద్మినికి గట్టి రకం అల్యూమినియం బుష్ వేయించండి, హెడ్‌తో పాటే సాగుతుంది, ఇత్తడి పక్కన అల్యూమినియం తినేసుకుపోయే బాధా తగ్గుతుంది.

టర్నర్‌కి తప్పక చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. కాలర్ మందం రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. కాలర్ ఎంత లేస్తే సెండర్ కొస నీళ్లలోంచి అంత వెనక్కి వస్తుంది. కొస జాకెట్ నీళ్లలో మునగకుండా రంధ్రం గొట్టంలోనే ఉండిపోతే ముల్లు మళ్లీ అబద్ధమే చెబుతుంది. కాలర్ లోపలికి అణిగేలా హెడ్ ముఖం మీద చిన్న మెట్టు చెక్కించగలిగితే ఇంకా మేలు.

రంధ్రం పెద్దది చేయడం హ్యాండ్ డ్రిల్‌తో, కంటి అంచనాతో చేసే పని కాదు. 20 మిల్లీమీటర్ల బిట్ ఇనుములో కరుచుకుంటే మణికట్టు తిరిగిపోతుంది, రంధ్రం వంకరపోతుంది. రేడియేటర్ దించి చోటు చేసుకుని, చేతి రీమర్‌తో (రంధ్రాన్ని పెద్దది చేసే పనిముట్టు) కొంచెం కొంచెంగా తీసి, ట్యాప్‌కి నిటారు గైడు పెట్టి చేసే పనివాళ్లు ఉన్నారు. అంత నమ్మకమైన చేయి దొరకకపోతే హెడ్ దించి మిల్లింగ్ మిషన్ మీదకి ఎక్కించండి. ఎలాగూ హెడ్ గ్యాస్కెట్ మార్చే వయసు వచ్చి ఉంటే అదే సరైన సమయం.

హెడ్‌ని ముట్టుకోవడం ఇష్టం లేకపోతే పై హోసు మధ్యలో పెట్టే లోహపు అడాప్టర్ ఒకటి చేయించుకోవచ్చు. అల్యూమినియం గొట్టం, దాని పొట్టలో సెండర్‌కి మర. హెడ్‌లో మర సగమైనా మిగిలి ఉంటే అక్కడ ఇత్తడి ప్లగ్గు సీలెంట్‌తో బిగించి మూసేయండి. హోసు రబ్బరు కాబట్టి అడాప్టర్‌కి ఎర్త్ ఉండదు, దాని నుంచి ఇంజిన్‌కి విడిగా ఒక వైరు వేయాలి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ముల్లు లేవదు, నీళ్లు తగ్గిపోతే అసలు వేడే చూపించదు. అయినా చెడ్డ చేతిలో హెడ్ పెట్టడం కంటే నేను దీనికే ఓటు వేస్తాను. రేపు మంచి పనివాడు దొరికితే వెనక్కి మార్చుకోవచ్చు.

బిగించడం

బుష్ బయటి మరలకీ, హెడ్ మరలకీ నూనె జిడ్డు లేకుండా థిన్నర్‌తో తుడవండి. లోహపు మరల కోసం అమ్మే ఎనరోబిక్ (గాలి తగలని చోట గట్టిపడే) సీలెంట్ పూసి బిగించి, డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. సాధారణంగా ఒక రోజు వదిలేస్తే ఇబ్బంది ఉండదు.

కొత్త సెండర్ వేసేముందు వంటింట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. గిన్నెలో నీళ్లు పెట్టి, సెండర్ కొస మాత్రమే మునిగేలా వేలాడదీసి, మల్టీమీటర్ ఒక కొస టెర్మినల్‌కి, ఇంకొకటి ఒంటికి తగిలించండి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఓమ్స్ ఎక్కడా ఎగిరిపడకుండా దిగుతూ రావాలి. మధ్యలో గెంతులు వేస్తే షాపుకి తిరిగి ఇచ్చేయండి.

నిటారు మర సెండర్‌కి కాలర్ కింద కొత్త రాగి వాషర్ వేయండి. సన్నబడే మరకి వాషర్ ఉండదు, మర మీదే సీలు. టెఫ్లాన్ టేపు వాడితే మొదటి మర వదిలేసి, బిగించే దిక్కులో రెండు చుట్లు చాలు. దట్టంగా చుడితే ఎర్త్ దెబ్బతింటుంది, టేపు ముక్క లోపలికి పోయి థర్మోస్టాట్‌లో ఇరుక్కుంటుంది. సన్నబడే మరని వేళ్లతో బిగిసాక సుమారు ముప్పావు చుట్టు, అంతే. ముఖ్యంగా అల్యూమినియంలో ఇంకో అర చుట్టు వేద్దామనే ఆశే హెడ్ ఉబ్బుని చీలుస్తుంది.

బిగించాక మల్టీమీటర్‌తో సెండర్ ఆరు పలకల నుంచి ఇంజిన్ బ్లాకుకి కొలవండి. ఒక ఓమ్ లోపే ఉండాలి. వైరు కొసన పచ్చ కిలుము ఉంటే అక్కడికి కోసేసి కొత్త లగ్ వేయండి, పైన కాస్త వ్యాసలిన్ పూసి రబ్బరు తొడుగు ఎక్కించండి. ఉప్పుగాలికి అదే గొడుగు.

నింపి చూడటం

బోరు నీళ్లు మళ్లీ పోయకండి. మనకి గడ్డకట్టే చలి లేకపోయినా కూలెంట్ కావాల్సింది దానిలోని తుప్పు నిరోధకం కోసం. కలిపి అమ్మేది పోయండి, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలుపుకోండి. రేడియేటర్ మూత తీసే ఉంచి ఇంజిన్ ఆడించండి, పై హోసు నొక్కుతూ గాలి బుడగలు పోనివ్వండి. హోసు ఒక్కసారిగా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. ఆ సమయానికి ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, ఇకపై మీ బండికి అదే కొలమానం. మట్టం సరిచూసి మూత పెట్టండి.

తరవాత లోడు మీద చూడాలి. సింహాచలం కొండ ఎక్కే రోడ్డు దీనికి బాగా పనికొస్తుంది. పైకి వెళ్లాక ఆపి, మూత ముట్టుకోకుండా, సెండర్ చుట్టూ పొడి టిష్యూ కాగితం ఒత్తి చూడండి. దిగాక ఇంకోసారి. మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజిన్ మీద నీటి మట్టం చూడండి. ఎనరోబిక్ సీలెంట్ వేసిన బుష్‌ని 'వదులైందేమో' అని మళ్లీ పానా పెట్టి కదపకండి, గట్టిపడిన సీలు పగులుతుంది.

బుష్ వేయించినవాళ్లు ఒక చీటీ మీద 'బయట ఎం22×1.5, లోపల 5/8 యూఎన్‌ఎఫ్' అని రాసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, పాత సెండర్‌కి కట్టి గ్లవ్ బాక్స్‌లో పడేయండి. తరవాత ఈ బండి మీద చేయి వేసే మెకానిక్‌కి అది కావాలి.